నాన్న ఉద్యోగం మానేస్తేనే పిల్లాడు ఛాంపియన్ అవుతాడా? ఆటల్లో అమ్మానాన్నల ఆశకు హద్దు ఎక్కడ?

బుచ్చయ్యపేట (అనకాపల్లి జిల్లా): 2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఆస్ట్రేలియాపై తన తొలి టెస్ట్ సెంచరీ పూర్తి చేశాడు. స్టాండ్స్‌లో కూర్చున్న తండ్రి ముత్యాలరెడ్డి కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. కొన్ని సెకన్ల ఆ వీడియో తెలుగు రాష్ట్రాల్లో ఫోన్ల నిండా తిరిగింది. కొడుకు క్రికెట్ కోసం హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్న తండ్రి అన్న సంగతి ఇంటింటికీ తెలిసిపోయింది.

నాలుగు నెలలు తిరిగేసరికి మరో వీడియో. 2025 ఏప్రిల్ 28న 14 ఏళ్ల బీహార్ కుర్రాడు వైభవ్ సూర్యవంశీ ఐపీఎల్‌లో 35 బంతుల్లోనే సెంచరీ బాదేశాడు. వాళ్ల నాన్న పొలం అమ్మి ఆట నేర్పించారన్న వార్త కూడా అంతే వేగంగా వైరల్ అయ్యింది.

ఇలాంటివి చూసినప్పుడు ఏ అమ్మానాన్నలకైనా ఒక ఆలోచన రావడం సహజం. మన పిల్లాడూ బాగానే ఆడతాడు కదా, మనమూ ఒక పట్టు పడితే? బుచ్చయ్యపేట, వడ్డాది, చోడవరం లాంటి చోట్ల ఈ ఆలోచన ఖరీదు ఇంకా ఎక్కువ. పెద్ద కోచింగ్ కావాలంటే విశాఖ వెళ్లాలి. రోజూ బస్సులో వెళ్లి రావడానికే గంటల కొద్దీ టైమ్ పోతుంది. లేదంటే పిల్లాడిని హాస్టల్‌లో పెట్టాలి. అదీ కాకపోతే ఇల్లే మార్చేయాలి.

ఇంతకీ అమ్మానాన్నల ఆశ పిల్లల కెరీర్‌ను నిలబెడుతుందా, దెబ్బతీస్తుందా? అది సపోర్ట్ నుంచి ఒత్తిడిగా ఎప్పుడు మారుతుంది? మన తెలుగు ఆటగాళ్ల ఇళ్లలో ఏం జరిగింది? డాక్టర్లు ఏం చెబుతున్నారు? వివరంగా చూద్దాం.

వీడియోలో కనిపించని ఆరేళ్లు

నితీశ్ కథలో అందరికీ గుర్తుండేవి రెండే. నాన్న ఉద్యోగం మానేయడం, కొడుకు సెంచరీ కొట్టడం. ఈ రెండింటి మధ్యలో చాలా జరిగింది.

2017-18లో అండర్-16 విజయ్ మర్చంట్ ట్రోఫీలో నితీశ్ 176.71 సగటుతో 1,237 పరుగులు చేశాడు. నాగాలాండ్‌పై ఒక్క ఇన్నింగ్స్‌లోనే 441 కొట్టాడు. అండర్-16లో బెస్ట్ క్రికెటర్‌గా బీసీసీఐ అవార్డు కూడా వచ్చింది. అప్పుడే స్టార్ అయిపోయాడని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆంధ్ర తరఫున రంజీ అరంగేట్రానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. దేశమంతా పేరు తెలిసింది 2024 ఐపీఎల్ తర్వాతే. అంటే అండర్-16లో రికార్డుల మోత మోగించిన కుర్రాడికి కూడా దాదాపు ఆరేళ్లు ఎదురుచూపు తప్పలేదు. ఆంధ్ర క్రికెట్ సంఘం కడప అకాడమీలో చోటు దొరకడం, వయసుకు తగ్గ టోర్నీలు వరుసగా ఆడటం ఈ ప్రయాణంలో కీలకం. ఉద్యోగం మానేయడం ఒక్కటే పని చేయలేదు.

ఇంకో విషయం నితీశ్ స్వయంగా చెప్పాడు. చిన్నప్పుడు తాను ఆటను అంత సీరియస్‌గా తీసుకోలేదని, డబ్బు ఇబ్బందులతో నాన్న ఏడవడం చూశాక మారానని బీసీసీఐ వీడియోలో వివరించాడు. వినేవాళ్లకు ఇది స్ఫూర్తి. కానీ ఇందులోనే అసలు చిక్కు కూడా ఉంది. నాన్న కన్నీళ్లు చూసిన ప్రతి పిల్లాడూ సెంచరీ కొట్టడు. కొట్టలేని పిల్లాడి మనసులో ఆ కన్నీళ్లు ఏమవుతాయి? ఆ పిల్లాడి గురించి వీడియో రాదు.

పొలం అమ్మిన తండ్రులందరి కథలూ ఫోన్‌లోకి రావు. గెలిచినవాళ్ల కథే వస్తుంది. అందుకే పొలం అమ్మితే గెలుస్తారన్న భ్రమ కలుగుతుంది.

త్యాగం అప్పుగా మారేది ఎక్కడ?

పిల్లల ఆట కోసం తెల్లవారుజామున 4 గంటలకు లేవడం, బండి మీద గ్రౌండ్‌కు తీసుకెళ్లడం, బూట్లకు, బ్యాట్‌కు డబ్బు దాచడం తప్పు కాదు. అవి లేకుండా మన దగ్గర ఏ క్రీడాకారుడూ పైకి రాలేదు. ఆ త్యాగం పిల్లల నెత్తిన అప్పుగా మారినప్పుడే సమస్య మొదలవుతుంది.

'నీ కోసం ఇంత చేశాం' అన్న మాట ఇంట్లో పదే పదే వినిపిస్తే, పిల్లాడికి ఆట ఆటలా ఉండదు. ప్రతి మ్యాచ్ ఒక కిస్తీ అయిపోతుంది. ఓడితే కిస్తీ కట్టనట్టే. గాయమైనా చెప్పడు. ఇష్టం పోయినా చెప్పడు. చెబితే నాన్న ఉద్యోగానికి, అమ్మ నగలకు తనే జవాబు చెప్పాలేమోనని భయం.

దీన్ని గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలు. రేపు పిల్లలు 'నాకు ఈ ఆట వద్దు' అంటే, ఆ మాట భయం లేకుండా చెప్పగలరా? చెప్పగలిగితే అది సపోర్ట్. నోరు విప్పలేకపోతే అది ఒత్తిడి.

ఇంటర్‌లో ర్యాంకుల కోసం హాస్టళ్లలో పిల్లలు పడే ఒత్తిడి తెలుగువాళ్లకు కొత్త కాదు. తెల్లవారుజామున లేపి చదివించడం, పక్క పిల్లాడి మార్కులతో పోల్చడం ఏళ్లుగా చూస్తున్నదే. ఇప్పుడు అదే పద్ధతి గ్రౌండ్‌కు వచ్చింది. పుస్తకం బదులు బ్యాట్ వచ్చింది, పోలిక మాత్రం మారలేదు.

తెలుగు ఇళ్లలో నాలుగు దారులు

ఆశ పెట్టుకున్న ప్రతి ఇల్లూ ఒకేలా నడవలేదు. పేరున్న తెలుగు క్రీడాకారుల ఇళ్లలోనే దారులు వేర్వేరుగా ఉన్నాయి.

కోనేరు హంపి: తండ్రి కోనేరు అశోక్ కెమిస్ట్రీ లెక్చరర్, స్వయంగా చెస్ ప్లేయర్. కూతురికి శిక్షణ ఇవ్వడానికి ఉద్యోగం వదిలేశారు. 'ఛాంపియన్' అన్న మాట నుంచే ఆమెకు పేరు పెట్టారు. పుట్టకముందే దారి గీసినట్టు కనిపించే ఇల్లు ఇది. 2002లో 15 ఏళ్ల వయసులోనే హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. మహిళల్లో అప్పటికి అదే రికార్డు. అయితే కథ అక్కడితో ఆగలేదు. పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక ఆటకు విరామం ఇచ్చి, మళ్లీ తానే తిరిగొచ్చింది. 2019లో, 2024లో వరల్డ్ ర్యాపిడ్ ఛాంపియన్‌గా నిలిచింది. తండ్రి మొదలుపెట్టిన ఆటను ఆమె తన ఆటగా చేసుకుంది కాబట్టే ఇది సాధ్యమైంది.

గుకేశ్: చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబం. తండ్రి రజనీకాంత్ ఈఎన్‌టీ సర్జన్, తల్లి పద్మ మైక్రోబయాలజిస్ట్. టోర్నీలకు కొడుకు వెంట తిరగడానికి తండ్రి ప్రాక్టీస్ ఆపేశారు. తల్లి మాత్రం ఉద్యోగం మానలేదు. ఇల్లు ఆమె జీతం మీద నడిచింది. స్నేహితులు కూడా సాయం చేశారు. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో 18 ఏళ్ల గుకేశ్ వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. ఇక్కడ తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఇద్దరూ డాక్టర్లయిన ఇంట్లో కూడా రెండు జీతాలూ ఒకేసారి ఆపేయలేదు.

పీవీ సింధు: తండ్రి రమణ, తల్లి విజయ ఇద్దరూ వాలీబాల్ ప్లేయర్లే. 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులో రమణ ఉన్నారు, అర్జున అవార్డు కూడా అందుకున్నారు. ఎత్తు, శరీరం, ఇంటి వాతావరణం అన్నీ వాలీబాల్‌కు సరిపోయేవే. అయినా కూతురు బ్యాడ్మింటన్ అంటే సరే అన్నారు. అకాడమీకి రోజూ 56 కిలోమీటర్ల ప్రయాణం. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు రమణ రైల్వే ఉద్యోగానికి సెలవు పెట్టారు తప్ప రాజీనామా చేయలేదు. రియోలో రజతం, టోక్యోలో కాంస్యం వచ్చాయి. తాము ఆడిన ఆటనే పిల్లల మీద రుద్దకపోవడం ఈ ఇంటి పాఠం.

జ్యోతి యర్రాజి: విశాఖ అమ్మాయి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసేవారు. ఇక్కడ పెద్ద ప్లాన్లు, ప్రైవేట్ కోచ్‌లు ఏవీ లేవు. పొడవుగా ఉన్న అమ్మాయిని స్కూల్ పీఈటీ గమనించారు. తర్వాత హైదరాబాద్‌లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా శిక్షణ, అక్కడి నుంచి భువనేశ్వర్. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023, 2025 ఏషియన్ ఛాంపియన్‌షిప్‌లలో స్వర్ణాలు గెలిచింది. పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఈవెంట్‌లో పరుగెత్తిన తొలి భారత మహిళ ఆమే. డబ్బు లేని ఇంటి నుంచి, ఉన్నదేదీ అమ్మకుండా కూడా పైకి రావచ్చనడానికి అనకాపల్లికి పక్కనే ఉన్న ఉదాహరణ ఇది.

నాలుగు ఇళ్లలోనూ కామన్‌గా ఉన్నది కష్టం మాత్రమే కాదు. మంచి కోచ్ చేతిలో పెట్టారు లేదా ఆట తెలిసిన తల్లో తండ్రో పక్కన ఉన్నారు. ఏళ్ల తరబడి ఓపిక పట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక దశ దాటాక పగ్గాలు పిల్లల చేతికే వెళ్లాయి.

శ్రుతి మించితే ఏమవుతుంది?

మరోవైపు కూడా చూడాలి. టెన్నిస్‌లో 8 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన అమెరికా ఆటగాడు ఆండ్రీ అగస్సీ, తనకు టెన్నిస్ అంటే ద్వేషమని 2009లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నాడు. తండ్రి తయారుచేసిన బంతులు విసిరే మెషిన్ ముందు చిన్నప్పుడు రోజుకు 2,500 బంతులు కొట్టాల్సి వచ్చేది. ట్రోఫీలు వచ్చాయి కానీ ఆట మీద ప్రేమ రాలేదు.

ఆస్ట్రేలియా ప్లేయర్ యెలెనా డోకిచ్ కథ ఇంకా దారుణం. వరల్డ్ నంబర్ 4 దాకా వెళ్లిన ఆమె, తండ్రి తనను ఏళ్ల తరబడి కొట్టేవాడని 2017లో పుస్తకంలో బయటపెట్టింది. అమెరికాకు చెందిన జెన్నిఫర్ కాప్రియాటి 1990లో 14 ఏళ్లు కూడా నిండకుండానే ప్రొఫెషనల్‌గా మారింది. 16 ఏళ్లకు ఒలింపిక్ స్వర్ణం గెలిచి, 17 ఏళ్లకు అలసిపోయి ఆటకు దూరమైంది. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది కానీ, ఆ మధ్య కాలం ఆమెను బాగా కుంగదీసింది. ఇలాంటి అనుభవాల తర్వాతే మహిళల టెన్నిస్‌లో చిన్న వయసు ప్లేయర్లు ఏడాదికి ఎన్ని టోర్నీలు ఆడాలో పరిమితి పెట్టారు.

మన పక్క రాష్ట్రం ఒడిశాలో బుధియా సింగ్ గుర్తున్నాడా? 2006 మే 2న నాలుగేళ్ల ఆ పసివాడు పూరీ నుంచి భువనేశ్వర్ వైపు 65 కిలోమీటర్లు 7 గంటల 2 నిమిషాల్లో పరుగెత్తాడు. చేరదీసి పెంచిన కోచే పరుగెత్తించారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కల్పించుకుని అలాంటి సుదూర పరుగులను ఆపించింది. తర్వాత ఆ పిల్లాడిని స్పోర్ట్స్ హాస్టల్‌లో చేర్చారు. అప్పట్లో అందరూ ఊహించిన ఒలింపిక్ రన్నర్ మాత్రం రాలేదు. నాలుగేళ్లకు రికార్డు కొట్టడం, ఇరవై నాలుగేళ్లకు పతకం కొట్టడం ఒకటి కావని ఈ ఉదంతం చెబుతోంది.

పిల్లల ఒంటికి ఒక లెక్క ఉంది

ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో మెత్తటి భాగం ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే. రోజూ ఒకే కదలిక, ఒకే చోట ఒత్తిడి పడితే ముందుగా దెబ్బతినేది ఆ భాగమే. మోకాలి చిప్ప కింద నొప్పి, మడమ నొప్పి, బౌలింగ్ చేసే చేతి భుజం నొప్పి ఎక్కువగా ఇలాగే మొదలవుతాయి. చిన్న వయసు ఫాస్ట్ బౌలర్లకు నడుము ఎముకలో సన్నటి పగుళ్లు వచ్చే ప్రమాదం ఉంటుంది. 'కొంచెం నొప్పే కదా, ఓర్చుకో' అన్న మాట ఇక్కడే ప్రమాదకరం.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో ఇచ్చిన సూచనలు సూటిగా ఉన్నాయి.

* 15, 16 ఏళ్లు వచ్చేదాకా ఒకే ఆటకు పరిమితం చేయకపోవడం మంచిది.
* వారంలో 1 లేదా 2 రోజులు ఆ ఆటకు పూర్తి సెలవు ఇవ్వాలి.
* ఏడాదిలో మొత్తం 3 నెలలు, నెల చొప్పున విడతలుగా, ఆ ఆటకు విరామం ఉండాలి.

అమెరికాలోని అథ్లెటిక్ ట్రైనర్ల సంఘం ఇంకో తేలికైన కొలత చెబుతోంది. పిల్లల వయసు ఎన్నేళ్లో, వారానికి ప్రాక్టీస్ అన్ని గంటలు మించకూడదు. 12 ఏళ్ల పిల్లాడికి వారానికి 12 గంటలు. ఉదయం 3 గంటలు, సాయంత్రం 3 గంటలు చొప్పున వారమంతా ఆడిస్తే 42 గంటలు. ఈ లెక్క వేసి చూస్తే తేడా అర్థమవుతుంది.

ఆడపిల్లల విషయంలో మరో జాగ్రత్త ఉంది. ప్రాక్టీస్‌కు తగ్గ తిండి లేకపోతే పీరియడ్స్ ఆగిపోవచ్చు, ఎముకలు బలహీనపడొచ్చు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కూడా దీన్ని ప్రత్యేక సమస్యగా గుర్తించింది. బరువు తగ్గితే బాగా పరుగెత్తుతుందని తిండి తగ్గించడం తెలియక చేసే పెద్ద తప్పు. పీరియడ్స్ ఆగితే ఆటల్లో మామూలేనని వదిలేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

చిన్నప్పుడే ఒకే ఆట పట్టుకోవాలా?

'ఐదేళ్లకే మొదలుపెట్టకపోతే లేట్ అయిపోతుంది' అన్నది చాలామంది నమ్మకం. 6 వేల మందికి పైగా అథ్లెట్ల వివరాలను కలిపి చూసిన ఒక పరిశోధన 2021లో వచ్చింది. ప్రపంచ స్థాయికి చేరినవాళ్లు జాతీయ స్థాయిలో ఆగిపోయినవాళ్లతో పోలిస్తే చిన్నప్పుడు ఎక్కువ రకాల ఆటలు ఆడారని, తమ ప్రధాన ఆటను కాస్త ఆలస్యంగా మొదలుపెట్టారని, మొదట్లో నెమ్మదిగా ఎదిగారని అందులో తేలింది. జూనియర్ స్థాయిలో మాత్రం త్వరగా మొదలుపెట్టినవాళ్లే ముందుంటారు. అండర్-12 కప్పు చూసి అమ్మానాన్నలు మోసపోయేది ఇక్కడే. చెస్, జిమ్నాస్టిక్స్ లాంటి వాటికి చిన్న వయసు నుంచే సాధన అవసరమన్నది నిజమే. కానీ క్రికెట్, అథ్లెటిక్స్, వెయిట్‌లిఫ్టింగ్‌లకు ఆ తొందర అక్కర్లేదు.

బాక్సర్ నిఖత్ జరీన్ సంగతే తీసుకోండి. నిజామాబాద్‌లో తండ్రి జమీల్ అహ్మద్ ఆమెను మొదట అథ్లెటిక్స్‌లో పెట్టారు. గ్రౌండ్‌లో బాక్సింగ్ చూసి అటు వెళ్తానన్నది ఆమే. తండ్రి అడ్డు చెప్పలేదు. 2022లో, 2023లో ఆమె వరల్డ్ ఛాంపియన్.

దొంగ వయసు, తెలియని మందు

ఆశ అత్యాశ అయితే రెండు చోట్ల బయటపడుతుంది. మొదటిది బర్త్ సర్టిఫికెట్. వయసు రెండేళ్లు తగ్గించి చిన్న పిల్లల గ్రూపులో ఆడిస్తే కప్పులు సులువుగా వస్తాయి. కానీ బీసీసీఐ అండర్-16 కుర్రాళ్లకు ఎముకల ఎక్స్‌రేతో వయసు పరీక్ష చేయిస్తోంది. తప్పుడు పత్రాలతో దొరికితే రెండేళ్ల నిషేధమని 2020లోనే స్పష్టంగా చెప్పింది. కేంద్రం కూడా 2010లోనే వయసు మోసాలపై జాతీయ నియమావళి తెచ్చింది. సంతకం పెట్టేది పెద్దవాళ్లు, నిషేధం పడేది పిల్లాడి మీద.

రెండోది పౌడర్లు, ఇంజెక్షన్లు. 'బలానికి' అని ఎవరైనా ఇస్తే లోపల ఏముందో చూసేవాళ్లు తక్కువ. డోపింగ్ నిబంధనల్లో ఒంట్లో దొరికిన మందుకు బాధ్యత క్రీడాకారులదే. మైనర్లకు కొంత రక్షణ ఉన్నా, పతకం మాత్రం పోతుంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి వయసు 16 ఏళ్లే. డోప్ టెస్ట్‌లో దొరికి పతకం కోల్పోయింది. దాంతో కాంస్యం నుంచి రజతానికి ఎదిగింది మన విజయనగరం జిల్లా కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి. ఊళ్లో బార్‌బెల్‌తో ఏళ్ల తరబడి చేసిన సాధన చివరికి నిలబడింది.

సీట్లు ఎన్ని? ఇంట్లో కూర్చుని వేసుకోవాల్సిన లెక్క

ఐపీఎల్‌లో 10 జట్లు. ఒక్కో జట్టులో ఎక్కువలో ఎక్కువ 25 మంది. మొత్తం 250. అందులో జట్టుకు 8 మంది దాకా విదేశీయులు ఉండొచ్చు. మిగిలిన కొన్ని సీట్ల కోసం దేశం మొత్తం పోటీ. రంజీలో ఆంధ్ర జట్టుకు ఒక మ్యాచ్‌లో దిగేది 11 మందే.

ఈ లెక్క చెప్పడం పిల్లలను ఆపడానికి కాదు. ఆట వల్ల వచ్చేది ఐపీఎల్ ఒక్కటే కాదు. ఆరోగ్యం వస్తుంది, స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు, రైల్వే, పోలీస్ ఉద్యోగాల్లాంటి అవకాశాలు ఉంటాయి. కోచ్, పీఈటీ, ఫిజియో, అంపైర్ కావచ్చు. కానీ వీటిలో చాలావాటికి చదువు కావాలి. ఏడో తరగతిలో స్కూల్ మాన్పిస్తే ఆ దారులన్నీ మూసుకుపోతాయి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు చట్టం ఇచ్చిన హక్కు కూడా.

బుచ్చయ్యపేట లాంటి చోట ఏం చేయొచ్చు?

చెరకు ఏడాది పంట. మధ్యలో గెడ పీకి రసం పిండి చూసే రైతు ఉండడు. పిల్లల ఆటకూ అదే ఓపిక కావాలి. ఊళ్లోనే ఉండి చేయగలిగినవి చాలానే ఉన్నాయి.

1. మొదట స్కూల్ పీఈటీని కలవండి. జ్యోతి యర్రాజిని ముందు గమనించింది పీఈటీయే. స్కూల్ గేమ్స్‌లో మండలం, జిల్లా, రాష్ట్రం మెట్లున్నాయి. పిల్లాడు ఎక్కడి దాకా వెళ్తాడో పైసా ఖర్చు లేకుండా అక్కడే తెలుస్తుంది.

2. 12, 13 ఏళ్ల దాకా రెండు మూడు ఆటలు ఆడనివ్వండి. కబడ్డీ, పరుగు, వాలీబాల్, ఏదైనా సరే.

3. డబ్బు పెట్టే ముందు ప్రభుత్వ శిక్షణ కోసం ప్రయత్నించండి. స్పోర్ట్స్ స్కూళ్లు, సాయ్ సెంటర్లలో సెలక్షన్లు జరుగుతుంటాయి. ఖేలో ఇండియాకు ఎంపికైన అథ్లెట్లకు శిక్షణతో పాటు నెలకు రూ.10 వేల భత్యం ఉంటుంది.

4. పొలం, నగలు, పీఎఫ్ జోలికి వెళ్లకండి. ఇంట్లో కనీసం ఒక ఆదాయం ఆగకుండా చూసుకోండి. గుకేశ్ ఇంట్లో జరిగింది అదే.

5. ప్రైవేట్ అకాడమీలో చేర్పించే ముందు కోచ్ అర్హత, ప్రాక్టీస్ గంటలు, గాయమైతే ఏం చేస్తారు, ఆడపిల్లలకు మహిళా సిబ్బంది ఉన్నారా అన్నవి అడగండి. ఇండియాకు ఆడిస్తామని గ్యారంటీ ఇచ్చేవాళ్లను అసలు నమ్మొద్దు.

6. కోచింగ్ కోచ్‌కే వదిలేయండి. బౌండరీ లైన్ దగ్గర నిలబడి అరిస్తే పిల్లాడు ఎవరి మాట వినాలో తెలియక తికమక పడతాడు.

7. ఓడిన రోజు బండి మీద ఇంటికొచ్చే దారిలో మ్యాచ్ గురించి మాట్లాడకండి. ఆకలేస్తోందా అని అడగండి, చాలు. తప్పొప్పులు మర్నాడు కోచ్ చూసుకుంటారు.

8. ఏడాదికోసారి పిల్లలను కూర్చోబెట్టి అడగండి. వచ్చే ఏడాది కూడా ఆడాలని ఉందా? వద్దంటే కారణం వినండి. తిట్టకండి.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆలోచించాలి

ప్రాక్టీస్ టైమ్‌కు తరచూ కడుపునొప్పి, తలనొప్పి అనడం, నిద్ర పట్టకపోవడం, గాయాలు దాచడం, గెలిచినా సంతోషం లేకపోవడం, నాన్న వస్తున్నారంటేనే బిగుసుకుపోవడం, స్నేహితులకు దూరమవడం. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే కొన్నాళ్లు ఆటకు విరామం ఇవ్వాలి. డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడాలి. మానసిక ఒత్తిడికి ప్రభుత్వ టెలీమానస్ హెల్ప్‌లైన్ 14416 ఉచితంగా అందుబాటులో ఉంది.

ఇక కొట్టడం, తిండి పెట్టకపోవడం, ఎండలో శిక్షగా పరుగెత్తించడం లాంటివి 'ట్రైనింగ్' కిందకు రావు. పిల్లల బాధ్యత చూసే వ్యక్తి వాళ్లను హింసిస్తే బాలల న్యాయ చట్టం సెక్షన్ 75 కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. కోచ్‌లైనా, ఇంట్లోవాళ్లైనా ఇబ్బంది పెడుతుంటే పిల్లలే నేరుగా 1098కు ఫోన్ చేయొచ్చు. చూసినవాళ్లూ చేయొచ్చు.

చివరిగా ఒక మాట

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం సాధించిన తొలి భారత మహిళ ఆమే. బరువులెత్తడానికి బలం చాలదని మొదట్లో బయటివాళ్లు అన్నప్పుడు తల్లి శ్యామల ఆమెకు అండగా నిలిచారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అమ్మానాన్నలు అండగా నిలబడటం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

అయితే వెనక నిలబడటం వేరు, వెనక నుంచి తోయడం వేరు. వెనక నిలబడితే పిల్లాడు పడినప్పుడు పట్టుకోవచ్చు. తోస్తూ ఉంటే పడేది పిల్లాడే. కాబట్టి ఉద్యోగం మానేయాలా, పొలం అమ్మాలా అన్న ఆలోచన కంటే ముందు ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ కల ఎవరిది? దానికి జవాబు పిల్లల నోటి నుంచి రావాలి.